ఆడుకోవడానికి ఒక సాకు

నా డైరీలో ఒక పేజీ పైన "పరిశోధన అవసరాలు" అని రాసి కింద గీత గీసుకున్నాను. గీత కింద ఉన్నవి: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై. ఒక్కోదాని పక్కన ధర, ధర మీద కొట్టివేత, దాని పక్కన ఇంకో ధర. నేను తెలుగు సాహిత్యంలో పి.హెచ్‌డి. చేసినదాన్ని. నా పరిశోధనకి కావలసినవి పాత పత్రికల సంపుటాలు, ఒక స్కానర్, కాస్త తీరిక. పదేళ్ళ నాటి లాప్‌టాప్ కూడా ఆ పని చేసిపెడుతుంది. ఆ పేజీలోని వస్తువులన్నీ ఆటల కోసం. నేను కంప్యూటర్ మీద ఆటలు ఆడతాను. ఈ మాట అచ్చులో చెప్పడానికి ఇంత సిగ్గెందుకు పడుతున్నానో తెలుసుకుందామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి. సాంకేతిక విషయాలంటే విసుగుపడే పాఠకురాళ్ళు ఒక రెండు పేరాలు ఓపిక పట్టాలి. 2021లో ఫెలోషిప్ బకాయిలు ఒక్కసారిగా చేతికొచ్చినప్పుడు విడిభాగాలు కొని నేనే బిగించుకున్నాను. ఆరు కోర్ల రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, 10 గిగాబైట్ల మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3080 కార్డు, 750 వాట్ల పవర్ సప్లై. అప్పటికి అది పై తరగతి యంత్రమే. అయితే నేను ఆడే 'సైబర్‌పంక్ 2077' అనే ఆటలో 2023లో పాత్ ట్రేసింగ్ అనే పద్ధతి చేర్చారు. వెలుతురు కిరణం ఎక్కడ తగిలి ఎటు మళ్ళుతుందో లెక్కగట్టి ఆ లెక్కతో బొమ్మ గీస్తుంది. వాన వెలిసిన వీధిలో నియాన్ దీపం నీళ్ళగుంటలో పడి అక్కణ్ణించి గోడ మీదికి ఎలా పాకుతుందో చూడాలంటే అది పెట్టుకోవాలి. నా యంత్రంలో అది పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

కోరిక అక్కడ పుట్టింది. 2025 జనవరిలో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 5090 కార్డులో 32 గిగాబైట్ల మెమరీ ఉంది. మన దగ్గర దాని ధర రెండు లక్షలు దాటింది. నా పాత కార్డుకి 320 వాట్లు చాలు, దీనికి 575 వాట్లు కావాలి. వెయ్యి వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారుచేసినవాళ్ళే చెప్తారు. కనుక పవర్ సప్లై మార్చాలి. అంత కార్డుకి పాత ప్రాసెసర్ పని అందించలేదు, కనుక ప్రాసెసర్ మార్చాలి. 2022లో సాకెట్టే మారిపోయింది కాబట్టి కొత్త తరం ప్రాసెసర్ పాత బోర్డులో కూర్చోదు, కనుక బోర్డు మార్చాలి. కొత్త బోర్డుకి పాత ర్యామ్ పట్టదు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోయి ర్యామ్ ధర చుక్కలనంటింది. ఇంతా చేసి పాత మానిటర్ మీద చూస్తే ఏం బాగుంటుంది?

కౌపీన సంరక్షణార్థం కథ మనకి తెలిసిందే. గోచీని ఎలుక కొరుకుతోందని సన్యాసి పిల్లిని తెచ్చాడు, పిల్లి పాలకి ఆవుని తెచ్చాడు, ఆవుని చూసుకోవడానికి పెళ్ళి చేసుకున్నాడు. చిన్నప్పుడు విని నవ్వాను. ఈ డైరీ పేజీ ముందు కూర్చున్నప్పుడు మాత్రం వేరే సంగతి తట్టింది. ఆ వరసలో చివరి విడిభాగం ఒక స్త్రీ. సన్యాసికి ఒకదాని తర్వాత ఒకటిగా ఏం కావలసి వచ్చిందో కథ ఓపిగ్గా చెప్తుంది. ఆవిడకి ఏం కావాలో అడక్కుండానే అయిపోతుంది.

ధరలు కనుక్కుందామని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను. "బాబుకా మేడమ్?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. "తమ్ముడికి" అన్నాను. నాకు తమ్ముడు లేడు. అంతకుముందు కాలేజీలో "డిజిటల్ హ్యుమానిటీస్" అని చెప్పాను. ఇంట్లో ఆయనకి, పాత పత్రికల్ని స్కాన్ చేసి అక్షరాలు గుర్తుపట్టించే సాఫ్ట్‌వేర్‌కి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలని చెప్పాను. (అది పూర్తిగా అబద్ధం కాకపోవడమే ఆ అబద్ధానికి బలం.) ఆయన కిందటేడు రెండు లక్షలు పెట్టి మోటారు సైకిలు కొన్నారు. దానికి ఏ పరిశోధననీ అడ్డం పెట్టుకోలేదు. "ఎప్పట్నుంచో కోరిక" అన్నారు. ఆ ఒక్క మాటా సరిపోయింది. ఎవరూ మారుమాట్లాడలేదు, నాతో సహా.

మగవాడి కోరిక తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. ఆడదాని కోరిక ఏదో ఒక అవసరం చెయ్యి పట్టుకుని గానీ గడప దాటదు. ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. అట్లతద్ది తీసుకోండి. చీకటితో లేచి, గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని, వీధంతా మనదే అన్నట్టు కేకలేస్తూ ఉయ్యాలలూగిన రోజు. మా అమ్మ తరం ఆడపిల్లలకి ఏడాదికి ఒక్కసారి దొరికిన స్వేచ్ఛ అది. దానిక్కూడా మంచి మొగుడు రావాలనే సాకు తగిలించారు. ఉత్తినే ఊగడానికి పంచాంగంలో ఏ తిథీ లేదు. మన ఇతిహాసంలో ఆట అనగానే గుర్తొచ్చే ఘట్టంలో ఆడింది మగవాళ్ళు, ద్రౌపదిని పందెంగా ఒడ్డారు.

మన స్త్రీవాద సాహిత్యం మాత్రం ఆటని ఎంత పట్టించుకుంది? అలసట గురించి మనం గొప్పగా రాశాం. అబ్బూరి ఛాయాదేవి గారి 'సుఖాంతం'లో స్త్రీ కంటినిండా నిద్ర కోసం మొహం వాచిపోయింది. సొంత గది గురించి, సొంత పేరు గురించి, సొంత జీతం గురించి రాశాం. ఇవన్నీ హక్కుల భాషలో చెప్పగలిగినవి. నిద్ర లేకపోతే మనిషి చచ్చిపోతుంది కనుక నిద్ర అడగొచ్చు. ఆట లేకపోతే ఎవరూ చచ్చిపోరు. అందుకేనేమో అడగడానికి నోరు రాదు. పైగా వినిమయ సంస్కృతి మీద మనం చేసిన విమర్శ ఒకటుంది. ప్రపంచీకరణ వచ్చాక స్త్రీని సరుకుల బానిసగా ఎలా మలుస్తున్నారో సెమినార్లలో నేనే రెండు పత్రాలు చదివాను. ఆ పత్రాలు చదివిన మనిషి రెండు లక్షల కార్డు కోసం ధరలు కొట్టేసి మళ్ళీ రాసుకుంటోందంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు?

ఆ విమర్శని నేను తేలిగ్గా తీసెయ్యలేను కూడా. చిప్పుల చరిత్రలో ఆడవాళ్ళ వేళ్ళున్నాయి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో షిప్‌రాక్ అనే చోట ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1965 నుంచి 1975 దాకా సెమీకండక్టర్ల కర్మాగారం నడిపింది. పనివాళ్ళలో అత్యధికులు నవహో జాతి స్త్రీలు. కంపెనీ తన 1969 నాటి ప్రచార పుస్తకంలో వాళ్ళు నేసే తివాచీనీ, చిప్పు మీది నమూనానీ పక్కపక్కన పెట్టి, ఈ పని వాళ్ళ రక్తంలోనే ఉందన్నట్టు చూపించింది. లీసా నకమురా 2014లో దీని మీద రాసిన వ్యాసం చదివినప్పుడు, మా ఊళ్ళో మగ్గాల ఇళ్ళు గుర్తొచ్చాయి. ఆడవాళ్ళు ఆసులు పోస్తూ, కండెలు చుడుతూ కూర్చునేవాళ్ళు. నేతగాడు అనిపించుకున్నది మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడు. నైపుణ్యాన్ని "సహజ గుణం" అంటే కూలి తక్కువ ఇవ్వొచ్చు. అపోలో నౌకల కంప్యూటర్లకి జ్ఞాపకశక్తినిచ్చిన తీగల్ని కూడా కార్ఖానాలో ఆడవాళ్ళే సూదులతో అల్లారు. యంత్రం పుట్టుకలో ఇంతమంది ఆడవాళ్ళుండి, దాని ముందు కూర్చుని ఆడుకునే కుర్చీ దగ్గరికొచ్చేసరికి "బాబుకా?" అని అడుగుతారు. ఆ కుర్చీలో నేను కూర్చుంటే షిప్‌రాక్ స్త్రీకి న్యాయం జరిగినట్టా? కాదు. కూర్చోకపోతే జరిగినట్టా? అదీ కాదు. ఆడవాళ్ళ చెమటని గుర్తు చేసి ఆడవాళ్ళ సంతోషాన్నే ఆపమనే వాదన నాకు మింగుడుపడదు. మోటారు సైకిలు దగ్గర ఈ లెక్క ఎవరూ తియ్యలేదని ఇందాకే చెప్పాను.

ఇంకో ప్రశ్న దీనికంటే కష్టమైంది. నాకు కావలసింది ఆటేనా? ఈ పట్టిక రాసుకున్న నాలుగు నెలల్లో నేను ఆడింది బహుశా పదిసార్లు. మిగిలిన రాత్రుళ్ళు ధరలు పోల్చడానికీ, వాట్లు కూడడానికీ, ఏ కార్డు ఏ క్యాబినెట్లో పడుతుందో మిల్లీమీటర్లలో కొలవడానికీ సరిపోయాయి. ఆటలో దారి తప్పొచ్చు, ఓడిపోవచ్చు, ఊరికే ఒక వంతెన మీద నిలబడి వాన చూడొచ్చు. ఈ పట్టికలో అలాంటిదేమీ లేదు. ఇది నాకు బాగా తెలిసిన పనే: సరుకుల చీటీ రాయడం, ఉన్నదాంట్లో సర్దడం, ఇంకా బాగుండాల్సిందని నన్ను నేను కోప్పడటం. ఆట పేరుతో నేను మళ్ళీ ఇల్లు నడుపుతున్నానని తెలియడానికి అన్ని రాత్రుళ్ళు పట్టింది.

ఇంతవరకూ ఆగి ఉంటే ఇదొక సెమినార్ పత్రం అయ్యేది. చెప్పకుండా దాటేసింది ఒకటుంది.

దసరాకి అమ్మ అమలాపురం నుంచి ఫోన్ చేసినప్పుడు ఆవిడకీ "పరిశోధన" అనే చెప్పాను. రెండో వారంలో నా ఖాతాలో అరవై వేలు పడ్డాయి. కాశీ వెళ్ళడానికని మూడేళ్ళుగా కడుతున్న చీటీని ముందే పాడేసిందట. పాటలో ఎంత నష్టపోయిందో చెప్పలేదు. "కాశీ ఎక్కడికీ పోదు, నీ పుస్తకం పని ఆగకూడదు" అంది. ఊళ్ళో అందరికీ చెప్పింది, అమ్మాయి పెద్ద పరిశోధనకి పెద్ద కంప్యూటర్ కొంటోందని. ఆ డబ్బు ఖర్చుపెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. బలహీనులకి అబద్ధమే ఆయుధమని, తరతరాలుగా ఆడవాళ్ళు ఇలాగే నెగ్గుకొచ్చారని నాకు నేను చెప్పుకున్నాను. సిద్ధాంతం చదువుకున్నవాళ్ళకి ఇలాంటి సమయాల్లో మాటలకి కొదవుండదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు, కనుమ మర్నాడు మధ్యాహ్నం, వెనక వసారాలో చిక్కుడుకాయలు వలుస్తుంటే చెప్పేశాను. ఆటల కోసం అని చెప్పాను. ఏ ఆటలో, ఎంత ఖర్చో కూడా చెప్పాను. అమ్మ వలవడం ఆపలేదు.

"మీ మామ్మ మధ్యాహ్నం పడుకోగానే మేం తోడికోడళ్ళం ముగ్గురం వామనగుంటలు పెట్టుకునేవాళ్ళం" అంది. "ఆవిడ లేచి ఏం చేస్తున్నారే అంటే, చింతపండులో పిక్కలు తీస్తున్నాం అత్తయ్యా అనేవాళ్ళం. పిక్కలు చేతిలోనే ఉండేవి కదా."

నేను నవ్వాను. క్షమించేసిందనుకున్నాను. ఈ వ్యాసానికి ముగింపు దొరికిందని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

అమ్మ నవ్వలేదు. "ఆ మాట అత్తగారితో అన్నాం. మాలో మేం అనుకోలేదు. మీ ఆయనకి చెప్పావు సరే, నాకెందుకు చెప్పావే?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ వద్దంటుందని భయపడ్డానా అంటే అదీ కాదు. అసలు అడిగే చూడలేదు. వామనగుంటల ముందు నా పక్కన కూర్చోవలసిన మనిషిని తీసుకెళ్ళి మామ్మ మంచం మీద కూర్చోబెట్టాను. అనుమతి ఇచ్చేవాళ్ళ జాబితా రాసుకుంటూ పోతే, అందులో ఎప్పుడూ ఎవరికీ అనుమతి ఇచ్చే అధికారం లేని మనిషిని కూడా చేర్చేశాను. నా అబద్ధం వల్ల నష్టపోయింది కూడా ఆవిడొక్కతే. ఆయన పైసా ఇవ్వలేదు, దుకాణం కుర్రాడికి పోయిందేమీ లేదు.

డబ్బు వెనక్కి తీసుకోమంటే మొదట తీసుకోనంది. కాశీకి టిక్కెట్లు నన్నే తియ్యమని, ఈసారి పిన్నిని కూడా నా ఖర్చుతోనే తీసుకెళ్తానని షరతు పెట్టింది. పాటలో పోయిందెంతో ఇప్పటికీ చెప్పలేదు.

డైరీలో ఆ పేజీ పైమాట కొట్టేశాను. పట్టిక కూడా చిన్నదైంది. 5090 పోయింది, దానితోపాటే బోర్డు, ర్యామ్, పవర్ సప్లై పోయాయి. పాత బోర్డులోనే కూర్చునే, క్యాష్ మెమరీ ఎక్కువున్న ప్రాసెసర్ ఒకటి 2024లో వచ్చింది. అది ఎక్కడైనా దొరికితే నా జీతంతో కొనుక్కుంటాను. ఆయనకి ఆటల కోసమే అని చెప్పాను. "ఓహో" అన్నారు. ఆ "ఓహో"లో ఏముందో ఇంకా తేల్చుకోలేదు.

శివరాత్రికి కాశీ వెళ్తూ అమ్మా పిన్నీ మా ఇంట్లో ఒక రాత్రి ఆగారు. భోజనాలయ్యాక అమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పాత్ ట్రేసింగ్ పెట్టి వాన కురుస్తున్న వీధి చూపించాను. అందులో నేనెవరో చూపించాను. ఆ అమ్మాయి జుట్టెందుకలా కత్తిరించుకుందని అడిగింది. నీళ్ళగుంటలో పడ్డ ఎర్రదీపాన్ని కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. నేను వీధి మలుపు తిప్పాను.

"బావుంది కానీ," అంది, "మధ్యమధ్యలో ఆగుతోందేమే?"