మోగి ఆగిన గంట

పూర్వం తపాలాబిళ్ళ అంటించని ఉత్తరాన్ని పోస్టుమాను ఇంటికి తెచ్చి, పుచ్చుకొనేవారినుంచి రెండింతల రుసుము వసూలు చేసేవాడు. దానిని బేరింగు ఉత్తరమనేవారు. ఆ ఇంగ్లీషు మాటే హిందీలో 'బైరంగ్' అయినది. పుచ్చుకొనేవారు వద్దంటే ఆ ఉత్తరం వచ్చిన దారినే మరలిపోవును గనుక, పని కాక వట్టి చేతులతో తిరిగివచ్చిన మనిషిని కూడ బైరంగుగా వచ్చినాడని అక్కడివారు అంటారు. తెలుగులో ఆ మాట అంత దూరం నడవలేదు. వార్తకు వెల ఎవరు చెల్లించవలెనన్నది గుమాస్తాల లెక్కకు మాత్రమే చెందిన ప్రశ్న అయితే, భాషలో ఇటువంటి గుర్తు మిగిలి ఉండదు.

ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా రాకముందు సాధారణంగా పుచ్చుకొనేవారే పైకం ఇచ్చేవారు. పైన వ్రాసిన గుర్తునుబట్టి తమవారి క్షేమం గ్రహించి, ఉత్తరం మాత్రం తిప్పి పంపివేసిన బీదల కథలు అక్కడ ప్రచారంలో ఉండేవి. ఆ యుక్తి మన దేశంలో మరొక రూపంతో పుట్టవలసి ఉన్నది.

1995 జూలై 31న కలకత్తానుంచి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటాడినప్పుడు ఈ దేశంలో మొబైల్ ఫోను మొదలైనది. ఆనాడు పిలిచినవారికే కాక అందుకొన్నవారికి కూడ ఖర్చు పడేది. అది ధనికుల వస్తువు. 2003 మే నుంచి అందుకొనేవారికి ఖర్చు తప్పినది. అటుపిమ్మట ఫోను రిక్షావాని జేబులోనికి, కూరలమ్మే ఆమె గంపలోనికి చేరినది.

అవతలివారు ఎత్తితేనే పైకం, గంట మోగినంతమాత్రాన ఏమీ లేదు అన్నది ఫోను కంపెనీల నియమం. ఈ నియమంలోని సందును కనిపెట్టిన మహానుభావుని పేరు ఎవరికీ తెలియదు గాని, దేశమంతా ఆ సందులోనుంచే నడిచినది. దానికి మిస్‌డ్ కాల్ అని పేరు. పట్నంలో చదివే కూతురు ఊరికి బయలుదేరి బస్సెక్కగానే ఒక గంట మోగిస్తుంది, దిగగానే మరొకటి. తల్లి ఫోను చేతిలో పట్టుకొనే ఉంటుంది, ఎత్తదు. ఎత్తితే ఒప్పందం చెడినట్లే.

ఇది దొంగతనమా? స్తంభాలు నిలిపినవారు, విద్యుత్తు ఖర్చు చేసినవారు వేరొకరు. వారి శ్రమమీద వార్త చేరినది, వెల మాత్రం చేరలేదు. దీనికొక సమాధానమున్నది: కంపెనీ మోసినది వట్టి మ్రోత, దాని అర్థం తల్లీ కూతుళ్ళు ఇంటిలోనే ముందుగా పంచుకొన్నది. సమాధానం చమత్కారంగా ఉన్నది గాని పూర్తిగా తృప్తినివ్వదు. అర్థం ఇంటిలోనే ఉన్నా, అది ఎప్పుడు నిజమైనదో తెలిపినది ఆ మ్రోతే కదా!

అయితే జనం ఈ ప్రశ్నను కంపెనీవైపునుంచి చూడలేదు. పిలిచినవాడూ తిరిగి పిలువవలసినవాడూ, ఈ ఇద్దరి నడుమ ఏది ధర్మమన్నదే వారికి ముఖ్యమైనది. కలిగినవాడు తిరిగి పిలువవలెను. పనివాడు యజమానికి మిస్‌డ్ కాల్ ఇస్తే మర్యాదే. యజమాని పనివానికి ఇస్తే పిసినారితనం. ఏ స్మృతిలోనూ వ్రాయని ఈ విధి అందరికీ తెలిసినదే. చేయి చాచలేని మిత్రుడు ఒక్క గంట మోగించి ఊరుకొనేవాడు. అడుగకుండానే అడిగినట్లయేది, ఇచ్చినవాడు ఇచ్చినట్లు తెలియకుండానే ఇచ్చేవాడు. ఒప్పందం లేనిచోట మాత్రం ఆ గంటే క్రూరమైనది. తెలియని నంబరునుంచి అర్ధరాత్రి మోగి ఆగే పిలుపు ఎందరు స్త్రీలకు నిద్ర లేకుండా చేసినదో! సాధనమొక్కటే, ఖర్చు లేకపోవడమూ ఒక్కటే. ఒకచోట స్నేహం, ఒకచోట హింస. దొంగతనమన్న మాట నిజానికి ఈ రెండవదానికే తగును. అక్కడ అపహరించినది ఎదుటివారి శాంతిని.

వర్తకులు ఈ ధర్మవిచారమంతా పెట్టుకోలేదు. 2013లో హిందుస్థాన్ యూనిలీవర్‌వారు బీహారు, ఝార్ఖండు ప్రాంతాలలో 'కాన్ ఖజూరా తేసన్' అని ఒకటి నడిపినారు. మిస్‌డ్ కాల్ ఇచ్చినవారికి తామే తిరిగి పిలిచి పాటలు, హాస్యం, నడుమ నడుమ తమ సరుకుల ప్రకటనలు వినిపించేవారు. కనఖజూరా అంటే జెర్రి, చెవిలో దూరుతుందని జనం భయపడే పురుగు. పేరు పెట్టినవారికి తాము చేస్తున్నదేమో బాగుగా తెలుసును. బీదవాని పైసాకంటె అతని చెవికి వెల ఎక్కువని అప్పుడు తేలినది.

2016 సెప్టెంబరులో జియో వచ్చి, మాటలకు వేరుగా పైకం లేదన్నది. ఇతర కంపెనీలూ క్రమంగా ఆ దారినే పోయినవి. గంట మోగించి ఆపవలసిన పని తీరిపోయినది. ఎత్తని ఫోనుకు అర్థం కూడ మారినది. ఒకప్పుడు ఎత్తకపోవడం మాట నిలబెట్టుకోవడం. ఇప్పుడు అది అపరాధం, సంజాయిషీ చెప్పుకోవలసిన విషయం. వ్రాసిపంపిన సందేశం ప్రక్కన నీలిగీతలు పడి, చదివి కూడ బదులియ్యలేదని పట్టియిస్తవి. పైకం పోయి, దాని స్థానంలో మనస్సు చెల్లించవలసి వచ్చినది. ఇందులో కలిగినవాడెవడో, లేనివాడెవడో ఇంకా ఎవరూ నిర్ణయించలేదు.

ఆ తల్లి ఇప్పుడు మొదటి గంటకే ఎత్తుతున్నది. ఎత్తకపోతే కూతురు మళ్ళీ పిలుస్తుంది; అప్పటికీ ఎత్తకపోతే పొరుగింటివారికి ఫోను చేసి, ఒకసారి వెళ్ళి చూడమంటుంది.