రెండంగుళాల కొరత

పిల్లలకు మంచి నడవడి నేర్పే మార్గాలు ఇంటింటికీ వేరుగా కనిపించినా, అవన్నీ సామ, దాన, భేద, దండోపాయాల్లోనే ఇముడుతాయి. బుజ్జగించి, మెచ్చుకుని చెప్పడం సామం. తాయిలం ఇవ్వడం దానం. మరొకరితో పోల్చడం భేదం. శిక్షించడం దండం. రాజనీతి కోసం పుట్టిన ఈ నాలుగూ ఇళ్లలో కన్నబిడ్డల మీద రోజూ ప్రయోగానికి వస్తుంటాయి. వీటి బలమెంతో, లోపమెక్కడో పురాణాల్లోని, ఉపనిషత్తుల్లోని బాలల కథలు చూపిస్తాయి.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు చదువుకోసం హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్తాడు. గోత్రం అడిగితే, అది తన తల్లి జబాలకే తెలియదని ఉన్నదున్నట్టు చెబుతాడు. సత్యం తప్పలేదు కనుక ఉపనయనం చేస్తాను, సమిధలు తెమ్మంటాడు గురువు. ఆ మెప్పు పిల్లవాడి తెలివికో వంశానికో దక్కింది కాదు, అప్పుడే చేసిన ఒక్క మంచి పనికి దక్కింది. ఏది మంచో తేటగా తెలిసేలా మెచ్చుకోవడమే సామోపాయపు బలం. ప్రతి చిన్నదానికీ శభాష్ అంటూ పోతే ఆ మాట పలచనవుతుంది. పిల్లలు పనిని వదిలి పెద్దల ముఖం వైపు చూడటం మొదలుపెడతారు. బుజ్జగింపు శ్రుతి మించితే బతిమాలుకోవడంగానూ మారుతుంది.

తాయిలం త్వరగా పనిచేస్తుంది. మారాం చేసే పిల్లవాడిని పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి, కొత్త అలవాటులో తొలి అడుగు వేయించడానికి అది సులువైన దారి. చిక్కంతా ఆ తరవాతే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలపై ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లల్లో, తరవాత ఆ పనిపై ఆసక్తి తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చినవారిలో అలా తగ్గలేదు. ఇష్టంగా చేసే పనికి వెల కడితే, వెల ఆగిన రోజున పని కూడా ఆగుతుంది. గుడిలో ప్రసాదానికి ఈ దోషం అంటదు, ఎందుకంటే అది పూజకు కూలి కాదు. కుదురుగా కూర్చున్న పిల్లకూ, అల్లరి చేసిన పిల్లవాడికీ చేతిలో పడేది ఒకే పిడికెడు.

భేదానికి ధ్రువుడి కథ నిదర్శనం. తండ్రి ఉత్తానపాదుడి ఒడి ఎక్కబోయిన అయిదేళ్ల పిల్లవాడిని, ఆ చోటు తన కడుపున పుట్టినవాడికే తగునంటూ సవతి తల్లి సురుచి కించపరిచింది. ఆ పోలిక అతడిలో పట్టుదల రగిల్చి, మధువనంలో తపస్సు చేయించింది. భేదోపాయపు బలం అంతవరకే. విష్ణువు ప్రత్యక్షమై వరమిచ్చి వెళ్లాక ధ్రువుడికి తృప్తి కలగలేదు. సురుచి మాట గుండెలో గుచ్చుకుని ఉన్నందువల్ల ముక్తి అడగాల్సిన చోట పదవి కోరానని నొచ్చుకున్నాడు. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చడమూ అలాంటిదే. అది పిల్లల గమ్యాన్ని పక్కింటి ఎత్తుకు కుదిస్తుంది. కన్నతల్లి సునీతి మాత్రం సవతిని తూలనాడకుండా, ఎవరికీ కీడు తలపెట్టవద్దని ముందుగా చెప్పి, ఆ తరవాతే శ్రీహరిని ఆశ్రయించమంది.

దండం విషయంలో భాగవతం మరింత సూటిగా మాట్లాడుతుంది. తాము నేర్పని హరిభక్తి ప్రహ్లాదుడి నోట వినగానే, గురువులైన చండామార్కులు బెత్తం తెమ్మన్నారు, ఇతడికి నాలుగో ఉపాయమే తగినదన్నారు. పిల్లవాడు మారలేదు. అక్కడ తప్పు పెద్దలది. ఎవరిది ఒప్పో ఆలోచించకుండానే తీర్పు చెప్పేయడం దండంలోని పెద్ద లోపం. రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లవాడిని ఆపడానికి గట్టి అదిలింపు అవసరమే. తొడపాశం, గోడకుర్చీ మాత్రం దొరక్కుండా తప్పించుకోవడమే నేర్పుతాయి. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడుల్లో నిషేధించింది.

ఈ నాలుగింటికీ ఆవల, చెప్పకుండానే నేర్పేది పెద్దల ఆచరణ. సురటి అప్పయ్య 1815లో ఉజ్జయిని అమ్మవారిని ప్రతిష్ఠించారని చెప్పుకొనే సికింద్రాబాద్ మహంకాళి ఆలయానికి ఆషాఢంలో బోనాలు తరలివస్తాయి. అమ్మవారికి సమర్పించకముందే బోనం రుచి చూడకూడదని ఇంట్లో ఎవరూ పాఠం చెప్పరు. వండే నాయనమ్మను చూసి మనవరాలు నేర్చుకుంటుంది. అదే రోజు, వరస తప్పించి ముందుకు దూరే తండ్రిని చూసి కొడుకు దూరడమూ నేర్చుకుంటాడు. ఆచరణకున్న బలమే దాని బలహీనత, మంచీచెడూ ఏరకుండా అంటించేస్తుంది. అందుకే తైత్తిరీయోపనిషత్తులో గురువు, తనలోని మంచి నడవడినే అనుసరించు, మిగతాది కాదని శిష్యుడికి చెబుతాడు. వట్టిపోయిన ఆవులు దానమిస్తున్న తండ్రిని నచికేతుడు ప్రశ్నించింది కూడా చూసినదాన్ని బట్టే.

ఏ ఉపాయమూ తనంతట తాను చాలదని చెప్పే కథ రేపల్లెది. వెన్న దొంగిలించిన కృష్ణుడి వెంట యశోద కర్ర పట్టుకుని పరుగెత్తింది. చేతికి చిక్కిన బిడ్డ భయపడటం చూసి కర్ర పారేసింది, తాడుతో రోటికి కట్టబోయింది. ఎన్ని తాళ్లు ముడివేసినా రెండంగుళాలు తక్కువే. తల్లి చెమటోడ్చి అలసిపోవడం చూసి జాలిపడి, చివరికి కృష్ణుడే కట్టుబడ్డాడు. ఆ రెండంగుళాల్లో ఒకటి భక్తుడి ప్రయత్నం, ఒకటి భగవంతుడి కృప అని వ్యాఖ్యాతలు అంటారు. పెంపకంలోనూ లెక్క అదే: ఒక అంగుళం పెద్దల ఓపిక, రెండోది పిల్లల సమ్మతి. పొగడ్త, తాయిలం, మందలింపు ఆ సమ్మతి దాకా తీసుకెళ్లగలవు. కట్టుబడాల్సింది పిల్లలే.