నాగజెముడుది ఏ ఊరు?

ఎర్రమంచి నుంచి పెనుకొండ దాకా గుట్టల వెంబడి జెముళ్ళు కనిపిస్తాయి. కరువు నేల కదా, ముళ్ళ మొక్క కాక ఇంకేం పుడుతుంది అనుకుంటాం. కానీ నాగజెముడు ఇక్కడ పుట్టలేదు. అది అమెరికాది. ఆ కుటుంబంలో సుమారు 1500 జాతులు. కెనడా నుంచి పటగోనియా దాకా, అన్నీ ఆ ఖండాలవే. ఒక్క రిప్సాలిస్ జాతి మాత్రం ఆఫ్రికాలో, శ్రీలంకలో కూడా కనిపిస్తుంది. సహారాలో గానీ, అరేబియాలో గానీ, మన థార్‌లో గానీ సహజంగా పుట్టినది ఒక్కటీ లేదు. ఇక్కడిది బొంతజెముడు. గిల్లితే పాలు కారుతాయి. రెంటికీ చుట్టరికం లేదు, నీళ్ళకరువే రెంటికీ ఒక్కలాంటి రూపం ఇచ్చింది. మా ఉర్దూలోనూ పేర్లు వేరే: అది నాగ్‌ఫనీ, ఇది థూహర్.

ఈ లెక్క మాకెందుకంటే, మమ్మల్ని అడిగేదీ ఇదే. 'మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?' పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర చదివించుకున్నవాడే బయటికొచ్చి అడుగుతాడు. మా పెద్దలు నేర్పిన జవాబు ఒకటుంది: మేం ఈ మట్టివాళ్ళమే, దూదేకులోళ్ళం, మతం మారాం, అంతే. నిజమే, మాలో చాలామంది బొంతజెముళ్ళే. అయితే ఆ జవాబులో అడిగినవాడి చట్టం దాక్కుని ఉంది. ముందున్నవాడికి ఇల్లు, వెనకొచ్చినవాడికి గుమ్మం బయట. బీజాపూరు సైన్యం వెంట వచ్చి నిలిచిపోయిన సిపాయి మునిమనవడు కూడా మాలో ఉన్నాడు. వాణ్ణి ఎవరికి అప్పగించాలి?

నాగజెముడు మాత్రం కాళ్ళతో నడిచి వచ్చిందా? కొచినీల్ పురుగు నుంచి ఎర్రరంగు తీయాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 1795లో పురుగు కలకత్తా చేరింది. రంగు వ్యాపారం నిలవలేదు, మొక్క చేలల్లో పడింది. 1926లో దక్షిణాదికి ఇంకో రకం పురుగును తెచ్చి దాన్ని తినిపించారు. పేర్లూ చూడండి. ఫ్రెంచివాడు దాని పండును బర్బరీ అంజూర అన్నాడు. మొరాకో అరబ్బు క్రైస్తవుల అంజూర అన్నాడు. ఎవరికి వాళ్ళు పక్కింటి మీదికి తోశారు.

ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కొరియా నుంచి వచ్చిన కంపెనీ. నీళ్ళెన్ని వాడుతున్నావు, ఉద్యోగాలెన్ని ఇచ్చావు అని దాన్ని అడిగేవాళ్ళున్నారు, అడగాలి కూడా. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఆ రోడ్డు పక్క ఊళ్ళలోనే మా కుర్రాడు అద్దెకు గది అడిగితే, పేరు విన్నాక వచ్చే మొదటి మాట: 'మీదే ఊరు బాబూ, అసలు?'