మార్కులు పడని చోటికి కూడా వెళ్ళు

ఆమదాలవలస

చిరంజీవి బుజ్జమ్మకు,

మీ పెద్దమ్మ పెట్టిన కొత్తావకాయ బాగా ఊరింది. దానికోసమని ఈ శనివారం కూడా పలాస పాసింజరెక్కి వచ్చెయ్యకు. జాడీ మేమే ఎవరిచేతైనా పంపిస్తాం.

మీ క్యాంపస్‌లో ఈ నెలంతా హడావిడేనట కదా. ఉపన్యాసాలు, ఫ్రెషర్స్ పార్టీ, డిపార్ట్‌మెంట్ల మధ్య ఆటల పోటీలు. "దేనికి పేరిచ్చావమ్మా?" అని అడిగితే "గ్రూప్స్‌కి చదువుకోవాలి పెద్దనాన్నా, అవన్నీ టైం వేస్టు" అన్నావు. సరేనని ఫోన్ పెట్టేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నువ్వు చదువుతున్నది ఆషామాషీ చోటు కాదు. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరిన ఆంధ్రా యూనివర్సిటీ. 1933లో ఠాగూర్ అక్కడికొచ్చి మనిషి గురించి ఉపన్యాసాలిచ్చారు. అప్పుడు రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్. నాలుగేళ్ళకి ఆ ప్రసంగాలు పుస్తకంగా వచ్చాయి. పుస్తకం నువ్వూ చదవొచ్చు, నేనూ చదవొచ్చు. హాల్లోంచి బయటపడి, సముద్రం గాలి కొడుతుంటే "నీకేం అర్థమైందిరా?" అని కొట్లాడుకుంటూ నడిచిన కుర్రాళ్ళు కొందరు ఉండే ఉంటారు. వాళ్ళు సంపాదించుకున్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు.

నేను చేరింది యూనివర్సిటీకి యాభై ఏళ్ళు నిండుతున్న రోజుల్లో. మన ఊరి చెరువుగట్టు కింద చెడుగుడు ఆడినవాణ్ణి, అక్కడ దాన్ని కబడ్డీ అంటే నవ్వొచ్చేది. సాయంత్రం ఎక్కడ సభ ఉన్నా వెళ్ళేవాణ్ణి. సగం ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. నా పక్కన తెలుగు డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు కూర్చునేవాడు. వాడికీ అర్థమయ్యేది కాదు. అదే మా స్నేహం.

నేను మెట్లెక్కుతుంటే టకటకమనే ఈ కుడిమోకాలి కథ నీకు సగమే తెలుసు. పోటీలో కూతకెళ్ళి తిరిగొస్తుంటే ఇద్దరు మడమ దొరకబుచ్చుకున్నారు. ఒళ్ళు గీత వైపు పడింది, కాలు వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. గీత మీద చెయ్యి ఆనింది కాబట్టి పాయింటొచ్చింది. ఏడాది పోయింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టించుకుని పడుకుంటే, పరీక్షల రోజులు కదా, క్లాసువాళ్ళు ఒకసారొచ్చి పళ్ళిచ్చి వెళ్ళారు. వాళ్ళని తప్పు పట్టను. తెలుగు కుర్రాడికి మాత్రం నాకు దెబ్బ తగిలిన సంగతే తెలీదు. రెండు సభలకి నా కుర్చీ ఖాళీగా కనబడేసరికి హాస్టల్‌కొచ్చి వాకబు చేశాడు. ఆ మర్నాటి నుంచి మెస్సు క్యారేజీ పట్టుకుని రోజూ వచ్చాడు. నువ్వు "గోదారి మావయ్య" అని పిలిచేది వాణ్ణే. మీ తాత పోయిన రోజు చుట్టాలకంటే ముందు మన గుమ్మమెక్కింది కూడా వాడే.

కాలూ ఏడాదీ ఇచ్చి నేను తెలుసుకున్నది ఇంతే. మనం కనబడకపోతే "ఏదీ, ఈ పిల్ల రాలేదేం?" అని అడిగేవాళ్ళు నలుగురుండాలి. హాజరు పట్టీ ఆ పని చెయ్యదు.

ఒక్క పలకరింపు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడు. మీ క్యాంపస్‌లోనే 1940లో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు గారు ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళారు. అక్కడ కలిసిన ఓ దక్షిణాది యువకుడు, తను స్టాటిస్టిక్స్ శిక్షణకొచ్చానని చెప్పాడు. ఆ మాట పట్టుకుని రావు గారు మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూడ్డానికి వెళ్ళారు, 1941 జనవరిలో అందులోనే చేరారు. ఆ తర్వాత ఆయన ఎంతవారయ్యారో మీ స్టాటిస్టిక్స్ పిల్లలెవర్నడిగినా చెబుతారు. అందుకే పక్కవాడితో మాట కలపమంటాను.

ఇప్పటి సభల తీరు నాకూ నచ్చదనుకో. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. జ్యోతి ప్రజ్వలనకి కెమెరావాడు "మళ్ళీ ఒకసారి సార్" అంటాడు. శాలువాలూ, జ్ఞాపికలూ, పరిచయాలూ అయ్యాక అసలు వక్తకి పావుగంట మిగిలితే గొప్ప. ఫ్రెషర్స్ పార్టీ అంటే డీజే మోత, రీల్సు. ఆటకి పదిమందొస్తే ఎనిమిదిమంది ఫోన్లో తీస్తుంటారు. ఇదంతా ఒప్పుకుంటాను. గదిలో తలుపేసుకుని ఫోన్లోనే కోచింగ్ క్లాసు చూసేవాళ్ళకి మాత్రం దీన్ని వెక్కిరించే హక్కు లేదు.

నీ సంకోచం నాకు తెలుసు తల్లీ. మన యాసకి నవ్వుతారని. నవ్వనీ. నాకూ నవ్వారు. నీ గది పక్కనే పార్వతీపురం పిల్లో, పాడేరు పిల్లో నీలాగే నోరు కట్టుకుని కూర్చునుంటుంది.

ఇక ఉపదేశం చాలు. చెప్పింది చెయ్యి.

మొదట వచ్చే ఉపన్యాసానికి వెళ్ళు. వెనక వరుస వద్దు, మధ్యలో కూర్చో. ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుపో. అడగడానికి ధైర్యం చాలకపోతే పక్కపిల్లకి చూపించు. ఫ్రెషర్స్ పార్టీలో స్టేజీ ఎక్కనక్కర్లేదు, భోజనాల దగ్గర వడ్డించు. వడ్డించేవాళ్ళని అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆటల్లో త్రోబాల్‌కి పేరివ్వు. తీసుకోకపోతే స్కోరు రాస్తానను, దానికెప్పుడూ మనుషులు దొరకరు. రాత్రి కార్యక్రమాలకి ఒక్కదానివే వెళ్ళకు, ఒక్కదానివే రాకు. హాస్టల్ గేటు టైం దాటించకు.

మీ నాన్న నంబరూ, నా నంబరూ కాగితం మీద రాసి పక్కగది పిల్లకివ్వు. వాళ్ళింటి నంబరు నువ్వు తీసుకో. ఈసారి ఒళ్ళు వెచ్చబడితే మొదటి పూటే వార్డెన్‌కి చెప్పు. కిందటిసారిలా మూడో రోజున మీ అమ్మకి చెప్పడం కాదు.

నెలకి ఒక్క శనివారం ఇంటికి రా, చాలు. నీ ఫోన్‌పేకి రెండు వేలు వేశాను. అవి పుస్తకాలకి కాదు, ఆటబూట్లకి. కొన్నాక బిల్లు ఫొటో పంపు. మిగిలిన డబ్బు తిరిగి వెయ్యకు, పక్కగది పిల్లని టిఫినుకి తీసుకెళ్ళి ఖర్చుపెట్టు.

ఇట్లు,
మీ పెద్దనాన్న