పాత సంచియు నిజమైన మాటయు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి మనవారనేకులు గల్ఫు దేశములకు పనికి పోవుచున్నారు. సెలవుకు వచ్చునప్పుడు కొందరు పేరుగల చేతిసంచులు తెచ్చెదరు. దుబాయిలోని కరామా బజారు అట్టి సంచుల నకళ్లకు పేరుపడినది.

పారిసులో 1854లో మొదలైన లూయీ విట్టాన్ వారి క్రొత్త సంచి కూలివాని అనేక నెలల జీతమును మ్రింగును. ఒకరు వాడి విడిచిన అసలు సంచి తరచుగా అంతకు తక్కువకే దొరకును. జపాను దేశములో కుట్టును, తోలును, ముద్రను పరీక్షించి అట్టివి అమ్ము అంగళ్లు పెక్కు కలవు.

వాడినది కొనుట సిగ్గా? కానేకాదు. పాతదానిని పాతదని చెప్పి అమ్మువాడు సత్యమే పలుకుచున్నాడు. నకలును అసలని అమ్ముట దొంగత్రాసు. నకలని యెరిగియు, అసలని చూపుటకు కొనువాడు ఆ త్రాసు రెండవ తట్టను పట్టుకొనుచున్నాడు. సిరిసిల్ల మరమగ్గముపై నేసిన బట్టను వేరొక ఊరి పేరుతో అమ్మినయెడల మన నేతవారికి నొప్పి కలుగదా? మంచి పేరు కూడ పనివాని కష్టార్జితమే.

అయితే వీసా అప్పు తీరకమునుపే మరియొక అప్పు చేసి అసలు సంచి కొనినయెడల, సంచి నిజమైనదే గాని దానిని మోయు చేయి నటించుచున్నది. కావున కొనకమునుపు సంచినే గాక మనలను కూడ పరీక్షించుకొందము.