కనిపించని దుమ్ము

గురువారం సాయంత్రం పని దిగాక పహాడీ షరీఫ్ దర్గా గుట్టెక్కడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. మాది పాలమూరు వైపు పల్లె. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబీ. చేసేది టైల్స్, గ్రానైట్ పని. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచాక మామిడిపల్లి, తుక్కుగూడ దాకా శ్రీశైలం రోడ్డు వెంట ఇళ్ళు లేచాయి. వాటిలో ఎన్నో వంటగదుల్లో బండ నేను పరిచిందే.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఇప్పుడు ఆ గుట్ట మెట్లు ఎక్కలేడు. రాయి కోసి కోసి ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. ఒక ఆసుపత్రిలో ఏడాదిన్నర టీబీ మందులు మింగించారు. తర్వాత ఇంకో డాక్టరు స్కాను చూసి, "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. అంతవరకు ఆ మాట అడిగినవాళ్ళే లేరు. సిలికోసిస్ అన్నాడు, రాతిలోని సిలికా దుమ్ము తెచ్చే జబ్బు. నయం కాదన్నాడు. ఉస్తాద్ "అంతా తఖ్దీర్ బేటా" అని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. నిజంగా తఖ్దీరేనా, నుదుటి రాతేనా?

వెనకటి పనిలో ప్రమాదం కంటికి కనిపించేది. ఉస్తాద్ వాళ్ళ నాయన డంగు సున్నం పని చేసినవాడు. గానుగ తిరుగుతుంటే సున్నం, ఇసుక కలిసి వెన్నలా నలిగేవట. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవారట. 1591 నాటి చార్మినార్‌కు పట్టు సున్నమే. ఆ సున్నం తన కోపం దాచుకోదు. నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది, చేతికి తగిలితే మంట, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఎవరూ చెప్పకుండానే భయం వస్తుంది. ఇప్పుడొచ్చిన క్వార్ట్జ్ స్లాబు అట్లా కాదు. రాతిపొడికి రెసిన్ కలిపి ఫ్యాక్టరీలో అచ్చు పోసింది. అద్దంలా మెరుస్తుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. గ్రానైట్‌లో సిలికా మూడోవంతుకు అటూ ఇటూ ఉంటే ఇందులో నూటికి తొంభై దాకా ఉంటుంది. తడి లేకుండా మిషన్ పెడితే గది తెల్లబడుతుంది. ఆ తెల్లది చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. లోపలికి దిగేది కంటికి ఆనని నలుసు. ఐదు మైక్రాన్ల లోపు. మన వెంట్రుక దానికి పదింతల లావు. ముక్కుకు కట్టిన దస్తీ దాన్ని ఆపదు. నొప్పి ఉండదు, వాసన ఉండదు, ఏళ్ళు గడిచాక గాని ఆయాసం మొదలవదు. ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి ఈ స్లాబుల్ని నిషేధించారు.

మా మతంలో ఈమాన్, అంటే విశ్వాసం, మొదలయ్యేది గైబ్ దగ్గరే, అంటే కనిపించనిదాన్ని నమ్మడం దగ్గర. రోజుకు ఐదు పూటలు కనిపించనివాడి ముందు నుదురు నేలకు ఆనించే నేను, కనిపించని దుమ్మును ఇన్నేళ్ళు ఎందుకు నమ్మలేదు? బిస్మిల్లా అని మిషన్ ఆన్ చేసేవాణ్ణి, అంతే. మా హెల్పర్ వనపర్తి పిల్లాడు. దసరాకు అదే మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాడు. మాస్కు ఇస్తే మెడకు వేలాడేసుకుంటాడు. "పైవాడు చూసుకుంటడు అన్నా" అంటాడు. ఆ నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. "పైవాడు చూసిండు గనకనే మాస్కు నీ చేతిదాకా వచ్చింది, పెట్టుకో" అన్నాను.

తెలియనంతవరకు రాత. తెలిశాక లెక్క. ఉస్తాద్ కోసిన రోజుల్లో మా బస్తీలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆయన తఖ్దీర్ అంటే కాదనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే ఈ దుమ్మును క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. తెలిసినవాళ్ళ మాట మెట్లు దిగి మాదాకా రాలేదు. ఇప్పుడు నాకు తెలిసింది. తెలిసీ పొడిగా కోయించి, రేపు ఆ పిల్లాడి ఊపిరి పోతే దాన్ని తఖ్దీర్ అనడం అల్లాహ్ మీద నింద మోపడమే.

1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. మంచి మాట. మేమైతే శరీరాన్ని అమానత్ అంటాం. ఇచ్చినవాడికి తిరిగి అప్పగించాల్సిన సొత్తు. నా దగ్గర రెండు అమానత్‌లున్నాయి. ఒకటి నాది. రెండోది ఆ పిల్లాడిది. వాళ్ళమ్మ బస్టాండులో "నీ తమ్ముడనుకో" అని అప్పజెప్పి పోయింది.

అందుకే ఇప్పుడు స్లాబు కోత ఇంట్లో పెట్టను. కింద ఆరుబయట, బ్లేడు మీద నీళ్ళు పడుతుండగానే కోస్తాం. నీళ్ళూ కరెంటూ ఒకచోట చేరితే అదో ప్రమాదం, కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ట్రిప్ అయ్యే ఈఎల్‌సీబీ బోర్డు వెంట తీసుకెళ్తాను. చీపురు పట్టం, తడిగుడ్డతో తుడుస్తాం. మాస్కు దగ్గర నాకొక చిక్కు వచ్చింది. గడ్డం ఉంటే మాస్కు అంచు ముఖానికి ఆనదు, సందుల్లోంచి దుమ్ము దూరుతుంది. చాలా రోజులు మథనపడ్డాను. గడ్డం సున్నత్, అంటే ప్రవక్త నడిచిన బాట, తీయలేకపోయాను. అందుకని నీళ్ళు లేనిచోట మిషన్ బయటికి తీయనని నియమం పెట్టుకున్నాను. పోయిన నెల నాలుగో అంతస్తులో ఒక ఇంటాయన "ఇక్కడే గబగబా కోసెయ్, లిఫ్ట్ లేదు" అన్నాడు. కోయలేదు. ఆ పని పోయింది.

ఈ గురువారం ఉస్తాద్ ఆటోలో వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. దర్గాలో వేయమని పూలు నా చేతికిచ్చి, "నా సలాం కూడా చెప్పు" అన్నాడు. హెల్పర్, నేను ఎక్కాం. వాడు మెట్లన్నీ పరుగున ఎక్కి, పైన నిలబడి, "జల్ది రా అన్నా" అని పిలిచాడు. వాడికి కొంచెం కూడా ఆయాసం లేదు.