మిగిలిన విమానాలు, కాలిన కాగితాలు

హిట్లర్ కాలపు జర్మన్ వాయుసేన లుఫ్ట్‌వాఫె వదిలి వెళ్లిన సామగ్రి రెండు రకాలుగా నేటికీ నిలిచి ఉంది. ప్రదర్శనశాలల్లోని విమానాలు, దుస్తులు, పతకాలు ఒక రకం. అభిలేఖాగారాల్లోని రికార్డులు రెండో రకం. ఏది మిగలాలో, ఏది పోవాలో నిర్ణయించింది చరిత్రకారులు కాదు. విమానాల్లో గెలిచినవాళ్లకు పనికొచ్చినవి మిగిలాయి. కాగితాల్లో ఓడినవాళ్లకు తగలబెట్టే తీరిక చిక్కనివి మిగిలాయి. ఆ వాయుసేన గురించి లోకం ఏర్పరుచుకున్న బొమ్మ చాలావరకు ఈ రెండు యాదృచ్ఛికాల ఫలమే.

1945లో జర్మనీ లొంగిపోగానే అమెరికా వాయుసేన కర్నల్ హెరాల్డ్ వాట్సన్ బృందం అక్కడి వైమానిక స్థావరాలన్నీ గాలించింది. వాళ్లకు కావలసింది కొత్త సాంకేతికత: జెట్ ఇంజిన్లు, రాడార్లు, వింత రెక్కలు. అలా ఏరిన సుమారు 40 విమానాలను ఆ ఏడాది జులైలో ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్ రేవు నుంచి రీపర్ అనే నౌకలో అమెరికాకు తరలించారు. జెట్ బాంబర్ అరాడో 234, ముందొకటి వెనకొకటి ఇంజిన్లున్న డోర్నియర్ 335 ఈనాడు ప్రపంచం మొత్తంలో ఒక్కొక్కటే ఉన్నాయి. రెండూ అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గరే ఉన్నాయి. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలోని యుంకర్స్ 88 కథ కూడా ఇలాంటిదే. 1943 మే 9న దాని సిబ్బంది జర్మనీని కాదని స్కాట్లండ్‌లోని డైస్ స్థావరంలో దిగారు. రాత్రిపూట బాంబర్లను వేటాడే రాడార్ చెక్కుచెదరకుండా బ్రిటిషర్ల చేతికి చిక్కింది. శత్రువుకు అంత ఉపయోగపడి ఉండకపోతే ఆ విమానమూ తుక్కులో కలిసేదే.

మామూలు విమానాలకు ఆ అదృష్టం పట్టలేదు. డోర్నియర్ 17 బాంబర్లు 2,000కు పైగా తయారయ్యాయి. ఈనాటికి ఒక్కటీ పూర్తిగా మిగల్లేదు. 1940 ఆగస్టు 26న కూలి, ఇంగ్లండ్ తీరాన గుడ్విన్ ఇసుక దిబ్బల్లో కూరుకుపోయిన ఒక విమానాన్ని 2013 జూన్ 10న సముద్రం నుంచి పైకి తీశారు. నలుగురు సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు, ఇద్దరు ఖైదీలయ్యారు. ఏడు దశాబ్దాలు ఉప్పునీట నానిన అల్యూమినియం గాలి తగిలితే త్వరగా తుప్పు పడుతుంది కనుక, కాస్‌ఫర్డ్‌లో ప్లాస్టిక్ గుడారాల కింద ఉంచి, సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిని దానిపై చాలాకాలం చల్లుతూ వచ్చారు.

ఈ తేడా చిన్నది కాదు. గెర్నికా, వార్సా, రాటర్‌డామ్, కావెంట్రీ నగరాలను కాల్చింది జెట్ విమానాలు కావు. ఆ పని చేసినవి హైంకెల్ 111, యుంకర్స్, డోర్నియర్ వంటి రోజువారీ బాంబర్లు. ప్రదర్శనశాలలో సందర్శకుణ్ని కట్టిపడేసేవి మాత్రం యుద్ధం చివరి నెలల్లో గాలిలోకి లేచిన, ఫలితంపై పెద్దగా ప్రభావం చూపని యంత్రాలు. నేరం చేసిన పనిముట్లు తుక్కుగా కరిగిపోయాయి, నైపుణ్యానికి గుర్తులు మెరుస్తూ మిగిలాయి. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు గానీ, ఫలితం మాత్రం కుట్ర జరిగినట్టే ఉంది.

ఇక రికార్డులు. ఓటమి ముంచుకొచ్చిన వారాల్లో లుఫ్ట్‌వాఫె తన పత్రాలను ఆదేశాల మేరకు తగలబెట్టింది; సైన్యం, నౌకాదళాల పత్రాలతో పోలిస్తే దక్కినవి తక్కువ. దక్కినవాటిలో విలువైనవి సామగ్రి సరఫరా చూసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ కార్యాలయపు నష్టాల జాబితాలు. విమానం రకం, తయారీ సంఖ్య, దళం, ప్రమాద కారణం, దెబ్బతిన్న శాతం, సిబ్బంది పేర్లు, వాళ్లు చనిపోయారా గాయపడ్డారా అన్నది వాటిలో వరుసగా ఉంటుంది. 1940 సెప్టెంబర్ 15న ఇంగ్లండ్ మీద 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించుకుంది. యుద్ధం తర్వాత ఈ జాబితాలు తిరగేస్తే ఆ సంఖ్య 60 దగ్గర తేలింది. ప్రచారశాఖ నోట నిజం రాని జర్మనీలో ఈ లెక్కలను ఎందుకు నమ్మాలంటే, ఇవి ప్రజల కోసం రాసినవి కావు. పోయిన విమానానికి బదులు కొత్తది పంపాలంటే పోయిందని రాయక తప్పదు. స్టోరు గుమాస్తాకు అబద్ధమాడితే లాభం లేదు.

అయితే ఆ జాబితాలో లేని గడి ఒకటుంది. బాంబు కింద చచ్చినవాళ్లకు అందులో చోటు లేదు. కార్యాలయం తన ఆస్తినే లెక్కపెట్టుకుంటుంది. ఆ ఖాళీని కొంత పూరించేవి మరో రకం కాగితాలు. ఉత్తర లండన్‌లోని ట్రెంట్ పార్క్ వంటి చోట్ల బ్రిటిష్ గూఢచారులు ఖైదీల గదుల్లో మైకులు దాచి, వాళ్ల మాటలను రహస్యంగా రికార్డు చేసి రాసుకున్నారు. చరిత్రకారుడు జోంకె నైట్సెల్ 2001లో ఈ ప్రతులను గుర్తించాడు. హరాల్డ్ వెల్సర్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 2011లో వచ్చింది. రైళ్ల మీద, దారిన పోయే జనం మీద కాల్పులు జరపడంలోని సరదా గురించి వైమానికులు తోటివాళ్లతో చెప్పుకున్న మాటలు అందులో ఉన్నాయి. తర్వాతి కాలపు జ్ఞాపకాల గ్రంథాల్లో ఈ సరదా దాదాపు కనిపించదు.

ప్రదర్శనశాలలో అద్దాల బీరువాలో ఉంచిన లైఫ్ జాకెట్ వెనుకా ఇలాగే కనిపించని కథ ఉంది. చల్లని సముద్రంలో పడిన వైమానికుణ్ని బతికించే మార్గం కనుక్కోవడానికని 1942లో డాఖావు నిర్బంధ శిబిరంలో ఖైదీలను మంచునీళ్లలో ముంచి పరీక్షలు చేశారు. వాటిని నడిపిన జిగ్మండ్ రాషర్ లుఫ్ట్‌వాఫె వైద్యాధికారి. ఆ ఏడాదే గాలి ఒత్తిడి తగ్గించే గదిలో పెట్టి ఎత్తైన ఆకాశపు పరీక్షలూ చేశారు. చాలామంది ఖైదీలు చనిపోయారు. ఆ నివేదికలు నురెంబర్గ్ విచారణలో సాక్ష్యాలయ్యాయి. జెట్ విమానాల వెనుకా ఇదే చరిత్ర ఉంది. మెసర్‌ష్మిట్ 262 భాగాలను ఆస్ట్రియాలో గూజెన్ శిబిరపు ఖైదీలు సొరంగాల్లో తయారుచేశారు. హైంకెల్ 162ను హింటర్‌బ్రూల్‌లోని జిప్సం గనిలో మౌట్‌హౌజెన్ ఉపశిబిరపు ఖైదీల చేత కట్టించారు. వాయుసేన సామగ్రి విభాగం అధిపతి ఎర్‌హార్డ్ మిల్ష్‌కు 1947లో యావజ్జీవ శిక్ష పడింది. ప్రయోగాల అభియోగం నిలవలేదు, బానిస కూలీల నేరం రుజువైంది.

పతకాలూ పైలట్ల లాగ్‌బుక్కులూ కొనుక్కునే సేకర్తల లోకం ఒకటి వేరే ఉంది. అక్కడ నకిలీలకు కొదవ లేదు, ఈ సంగతులపై ఆసక్తికే కొదవ.

హైంకెల్ 162 విమానాలను నేడు లండన్‌లోనూ, అమెరికాలోనూ, కెనడాలోనూ చూడవచ్చు. ఎక్కడ చూసినా పలక మీద వేగం, బరువు, ఇంజిన్ పేరు చదివి కదిలిపోకండి. దాన్ని ఎక్కడ కట్టారో, ఎవరి చేత కట్టించారో రాసి ఉందా చూడండి. లేకపోతే సందర్శకుల పుస్తకంలో ఆ ప్రశ్న రాసి రండి.